గోదారికి మూడు హెచ్చరికలు.. మంచి పిల్లకి ఒక్కటీ లేదు

భద్రాచలంలో ఎవరినైనా ఆపి అడగండి, మూడు అంకెలు టకటకా చెప్పేస్తారు. 43, 48, 53. గోదారి 43 అడుగులకొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక. 48కి రెండోది. 53కి మూడోది. 1986 ఆగస్టులో నీళ్లు 75.6 అడుగులకొచ్చాయట. 2022 జులైలో 71 దాటాయి. వయసు పైబడినవాళ్లు 86 వరద గురించి, కుర్రాళ్లు 22 వరద గురించి చెప్తారు. మొత్తానికి ఆ ఊళ్లో నీళ్లు ఎంత పెరిగితే ఏం చెయ్యాలో అందరికీ తెలుసు.

సాయంత్రం స్నానఘట్టం మెట్ల మీద అమ్మ పక్కన కూర్చుని నేను ఆలోచించింది ఇదే. నదికి ఇన్ని హెచ్చరికలున్నాయి. మరి ఇంట్లో "మంచి పిల్ల" అని పేరు తెచ్చుకున్నవాళ్లకి? మా నీళ్లు ఎన్ని అడుగులకొచ్చాయో ఎవరు చూస్తారు?

అప్పుడు నా బ్యాగులో ఒక కాగితం ఉంది. నా సంతకం ఒక్కటే బాకీ. దాని కథ చెప్పాలంటే పొద్దున్నుంచీ మొదలుపెట్టాలి.

రాత్రి రైలు, రెండు ఫోన్లు

సికింద్రాబాద్‌లో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి భద్రాచలం రోడ్ స్టేషన్. పేరు చూసి గుడి దగ్గరే దిగామనుకోకండి. అది కొత్తగూడెం. అక్కణ్నుంచి భద్రాచలం ఇంకో 40 కిలోమీటర్లు. బస్సులో పాల్వంచ దాటి, సారపాక దాటి, గోదారి మీద వంతెన ఎక్కితే అవతల ఊరు.

రైల్లో అమ్మ నిద్రపోయింది. నేను పోలేదు. పది గంటలకి అన్నయ్య ఫోన్. "కాగితం పెట్టుకున్నావుగా? అక్కడ ప్రశాంతంగా చదువుకో. నువ్వు మంచిదానివి చిన్నీ, అర్థం చేసుకుంటావు." పదిన్నరకి అక్క ఫోన్. "వాడు నిన్ను బుట్టలో వేస్తాడే. నువ్వు మంచిదానివి, కాదనలేవు. సంతకం పెట్టావంటే మాత్రం నాకు చెల్లెలు లేదనుకుంటా."

గమనించారా? ఇద్దరూ ఒకటే మాట అన్నారు. నువ్వు మంచిదానివి.

సంగతేంటంటే, నాన్న ఖమ్మంలో ఇల్లు కట్టారు. సొంత సంపాదనతో. వీలునామా రాయకుండానే పోయారు. అలాంటి ఆస్తి 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకి, పిల్లలకి సమానంగా వస్తుంది. ఆడపిల్లా మగపిల్లాడా అన్న తేడా లేదు. అంటే మా ఇంటికి నాలుగు వాటాలు. అమ్మ, అన్నయ్య, అక్క, నేను. నాన్న ఆసుపత్రి ఖర్చంతా నేనే పెట్టుకున్నా కాబట్టి ఇల్లు నాకే రావాలని అన్నయ్య. ఖర్చు లెక్క చూపించు, ఇచ్చేస్తా, వాటా మాత్రం వదలనని అక్క. సంవత్సరీకం రోజు వడ్డన దగ్గర మాటా మాటా పెరిగింది. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

మాటల్లేవంటే మాటలు ఆగలేదు. నా మీదుగా వెళ్తున్నాయి. మియాపూర్‌లో ఉన్న అన్నయ్య "దానికి సిగ్గుందా?" అంటే, రాజమండ్రిలో ఉన్న అక్కకి నేను "అన్నయ్య కాస్త బాధపడుతున్నాడక్కా" అని చెప్తా. అక్క "వాడి మొహం చూడను" అంటే, "అక్కకి కొంచెం టైమివ్వన్నయ్యా" అని చెప్తా. ఇంట్లో అందరూ నన్ను మెచ్చుకునేది ఈ పనికే. చిన్నది ఉండబట్టి ఇల్లు నిలబడిందంటారు మావయ్యలు.

ఇప్పుడా కాగితం. నా వాటా అన్నయ్యకి వదిలేస్తున్నట్టు రిలీజ్ డీడ్. నేను సంతకం పెడితే అమ్మా పెడుతుంది, అప్పుడు అక్క దారికొస్తుందని అన్నయ్య లెక్క. ఒకసారి రిజిస్ట్రేషన్ అయితే వెనక్కి తీసుకోవడం అంత తేలిక కాదని కూడా నాకు తెలుసు.

ఇద్దరు కూర్చున్నారు, ఒకడు నిలబడ్డాడు

భద్రాచలం గుడి చిన్న గుట్ట మీద ఉంటుంది. పాల్వంచ పరగణాకి తహసీల్దారుగా ఉన్న కంచర్ల గోపన్న, అంటే మన రామదాసు, 17వ శతాబ్దంలో కట్టించాడు. శిస్తు సొమ్ము గుడికి వాడాడని గోల్కొండ నవాబు తానీషా జైల్లో పెట్టించాడు. గోల్కొండ కోటకి వెళ్లినవాళ్లు ఆ చెరసాల చూసే ఉంటారు.

గర్భగుడిలో రాముడు మామూలు రాముడిలా ఉండడు. నాలుగు చేతులు. విల్లు, బాణంతో పాటు శంఖం, చక్రం కూడా ఉంటాయి. ఎడమ తొడ మీద సీతమ్మ కూర్చుని ఉంటుంది. పక్కన లక్ష్మణుడు నిలబడి ఉంటాడు.

చిన్నప్పట్నుంచీ ఎన్నిసార్లు చూశానో. ఈసారి మాత్రం చూపు లక్ష్మణుడి పాదాల దగ్గర ఆగింది. వాళ్లిద్దరూ కూర్చున్నారు. ఈయన నిలబడే ఉన్నాడు. కాళ్లు నొప్పెడుతున్నాయా అని ఎవరైనా అడిగారా ఈయన్ని?

అమ్మ నిత్య కల్యాణం చేయించింది. తలంబ్రాలు ఇచ్చారు. మండపంలో ఓ పక్కకి కూర్చుని అమ్మ వాటిని రెండు కాగితాల్లో పొట్లాలు కట్టింది. "ఇది అన్నయ్యకి, ఇది అక్కకి. నువ్వే ఇచ్చి రావాలి తల్లీ."

"మరి నాకు?"

అమ్మ నావైపు వింతగా చూసింది. "నువ్వు నా దగ్గరే ఉన్నావుగా."

అమ్మని తప్పుపట్టడానికి చెప్పట్లేదు. దగ్గరున్నదాన్ని వేరే లెక్కపెట్టక్కర్లేదని అనుకుంది, అంతే. నేనూ నవ్వేసి పొట్లాలు రెండూ బ్యాగులో పెట్టుకున్నా. కాగితం పక్కనే.

గీత ఎక్కడుందో చూపించండి

పర్ణశాలకి ఆటో మాట్లాడుకున్నాం. భద్రాచలం నుంచి సుమారు 35 కిలోమీటర్లు. ఊరు దాటిన కాసేపటికే ఆటో అన్న వెనక్కి తిరిగి, "మేడమ్, ఆంధ్రాలోకొచ్చాం" అన్నాడు. మళ్లీ కాసేపటికి, "తెలంగాణలోకొచ్చాం" అన్నాడు. రోడ్డు అదే, చెట్లు అవే.

మ్యాప్ తెరిచి చూడండి, మీకే తెలుస్తుంది. భద్రాచలం ఒకప్పుడు తూర్పు గోదావరి జిల్లా. 1959లో ఖమ్మం జిల్లాలో కలిపారు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ముంపు ప్రాంతం ఆంధ్రాకి వెళ్లింది. భద్రాచలం మండలంలో ఊరొక్కటే తెలంగాణలో ఉండిపోయింది. చుట్టుపక్కల పల్లెలు అటెళ్లాయి. రాముడి గుడి తెలంగాణలో, ఆయన భూములు 800 ఎకరాలకు పైగా పురుషోత్తపట్నంలో, అంటే ఆంధ్రాలో. దుమ్ముగూడెం, చర్ల వెళ్లాలంటే తెలంగాణవాళ్లు ఆంధ్రా ఊళ్ల మీదుగా వెళ్లి మళ్లీ తెలంగాణలో తేలాలి.

"మీ ఊరు ఎటు?" అని అడిగా.

"మా ఊరు ఉన్నచోటే ఉంది మేడమ్. గీతే కదిలింది" అన్నాడు. అత్తగారిల్లు భద్రాచలంలో, తన ఇల్లు ఎటపాకలో. చావైనా, పెళ్లైనా మధ్యలో ఎవరినీ పెట్టుకోం, బండెక్కి వెళ్లిపోతామన్నాడు.

ఆ ఎటపాకకి కూడా ఓ కథ ఉంది. సీతమ్మని ఎత్తుకుపోతున్న రావణుడికి అడ్డుపడి జటాయువు రెక్కలు తెగి పడింది ఇక్కడేనని స్థలపురాణం. పిలవకపోయినా మధ్యలోకి వెళ్లిన పక్షి. నాకు నవ్వొచ్చింది. ఎందుకని అమ్మ అడిగింది. ఏం లేదన్నా.

లక్ష్మణుడి ఇబ్బంది

పర్ణశాల గోదారి ఒడ్డున ఉంటుంది. వనవాసంలో లక్ష్మణుడు కుటీరం కట్టిన చోటని నమ్ముతారు. బంగారు లేడి, సన్యాసి వేషంలో రావణుడు, అంతా బొమ్మలుగా పెట్టారు. వాగు దగ్గర రాళ్ల మీద రంగు చారలుంటాయి. సీతమ్మ నారచీరలు ఆరేసిన గుర్తులంటారు. పిల్లలు ఫొటోలు దిగుతారు. పెద్దవాళ్లు దండం పెడతారు. వర్షాకాలంలో వెళ్లేవాళ్లు వరద సంగతి కనుక్కుని బయల్దేరండి. మేం వెళ్లేసరికి వరద తీసింది.

బొమ్మల దగ్గర ఒక పెద్దాయన మనవడికి చెప్తున్నాడు. "తమ్ముడంటే లక్ష్మణుడురా. అన్న కోసం అన్నీ వదిలేశాడు."

నిజమే. కానీ రామాయణంలో ఈ చోట ఏం జరిగిందో ఓసారి గుర్తుచేసుకోండి. సీతని విడిచి కదలొద్దని అన్న చెప్పాడు. "హా లక్ష్మణా" అని అరుపు వినబడగానే వెళ్లమని వదిన పట్టుబట్టింది. వెళ్లనంటే అనరాని మాటలంది. ఆ మాటలు భరించలేక వెళ్లాడు. వెళితే అన్న ఏమన్నాడు? ఒంటరిగా వదిలేసి ఎందుకొచ్చావని కోప్పడ్డాడు.

ఉంటే ఒక తప్పు, వెళితే ఒక తప్పు. రెండు మాటలూ వినాలనుకున్నవాడు ఇద్దరి దగ్గరా మాట పడ్డాడు. ఆ బొమ్మల ముందు నిలబడి బ్యాగు పట్టుకు చూసుకున్నా. సంతకం పెడితే అక్క పోతుంది. పెట్టకపోతే అన్నయ్య పోతాడు. నేను రెండేళ్లుగా ఇద్దర్నీ కలుపుతున్నా అనుకున్నా. నిజానికి ఏం చేశాను? వాళ్ల కోపాన్ని తీపి చేసి అటూ ఇటూ మోశా. అక్క ఎంత గట్టిగా ఉందో అన్నయ్యకి తెలీదు. అన్నయ్య ఎంత అప్పుల్లో ఉన్నాడో అక్కకి తెలీదు. ఎదురెదురుగా కూర్చోవాల్సిన అవసరం ఇద్దరికీ రాకుండా చూసింది నేనే.

ఇద్దరూ వెళ్లారు

సాయంత్రం స్నానఘట్టానికొచ్చాం. వంతెన మీద లారీలు వెళ్తున్నాయి. అమ్మకి ఇలాంటి చోట కూర్చుంటే కథ చెప్పాలనిపిస్తుంది. రామదాసు కథ ఎత్తుకుంది. చివరికి రాముడు, లక్ష్మణుడు రామోజీ, లక్ష్మోజీ అని పేర్లు పెట్టుకుని రాత్రికి రాత్రి తానీషా దగ్గరికెళ్లి, ఆరు లక్షల బాకీ కట్టి రసీదు తీసుకున్నారట.

వందసార్లు విన్న కథ. ఈసారి ఒక్క మాట దగ్గర ఆగిపోయా.

"ఇద్దరూ వెళ్లారా అమ్మా?"

"మరి? ఇద్దరూ వెళ్లారు."

రాముడు లక్ష్మణుణ్ని ఒక్కణ్నే పంపలేదు. నువ్వు మంచివాడివి, నువ్వెళ్లి మాట్లాడి రా అనలేదు. లెక్క తేల్చుకోవాల్సినవాడు తనే లేచి వెళ్లాడు. తమ్ముడు తోడెళ్లాడు, అంతే.

బ్యాగులోంచి కాగితం తీసి అమ్మకి చూపించా. "నేను దీని మీద సంతకం పెట్టను. అక్క కోసం కాదు, అన్నయ్య మీద కోపంతోనూ కాదు. ఈ పొట్లాలు కూడా ఇచ్చి రాను. కావాలంటే వాళ్లే వచ్చి తీసుకుంటారు."

అమ్మ చాలాసేపు గోదారినే చూసింది. "నువ్వు కూడా పక్కకి తప్పుకుంటే ఎలాగే?" అంది. గొంతులో భయం ఉంది. నాకూ ఉంది. నేను తప్పుకున్నాక వాళ్లిద్దరూ పూర్తిగా విడిపోతే? ఆ పాపం నాదవుతుందా? ఇప్పటికీ ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

"ఎన్ని అడుగులకొచ్చిందో చెప్తున్నానమ్మా, అంతే" అన్నా. అమ్మకి అర్థమైందో లేదో. చెంగు ముడి విప్పి, విడిగా దాచుకున్న నాలుగు తలంబ్రాలు నా చేతిలో పోసింది.

అక్కడే మెట్ల మీద వాట్సాప్‌లో గ్రూప్ పెట్టా. పేరు "ఖమ్మం ఇల్లు". అమ్మ, అన్నయ్య, అక్క, నేను. ఒకటే మెసేజ్: "నేను సంతకం పెట్టట్లేదు. ఇకమీద ఒకరి మాట ఇంకొకరికి చెప్పను. ఏదున్నా ఇక్కడే అడగండి. తలంబ్రాలు మా ఇంట్లో ఉంటాయి."

రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు. రాత్రి రైల్లో ఎవరూ ఫోన్ చెయ్యలేదు. ఆ నిశ్శబ్దం భరించడం కంటే రాయబారం మొయ్యడమే తేలికనిపించింది. రెండుసార్లు అక్క నంబర్ దాకా వెళ్లి వెనక్కొచ్చా. వారం గడిచింది. మావయ్య ఫోన్ చేసి, "నీనుంచి ఇది అనుకోలేదు" అన్నాడు.

పన్నెండో రోజు రాత్రి గ్రూప్‌లో అక్క మెసేజ్. "ఇంటి పన్ను ఎవరు కడుతున్నారు?"

ఐదు నిమిషాలకి అన్నయ్య. "నేనే. రెండేళ్లుగా. నువ్వు ఎప్పుడైనా అడిగావా?"

"ఇప్పుడు అడిగాగా. రసీదులు పెట్టు."

రెండేళ్ల తర్వాత వాళ్లిద్దరూ నేరుగా మాట్లాడుకున్న మొదటి మాటలవి. ప్రేమ లేదు, మర్యాద లేదు. అయినా ఒకరి మాట ఒకరికి చేరింది, నేను దిద్దకుండా. అమ్మ నా మొహంలోకి చూసింది, ఏదైనా సర్దిచెప్పు అన్నట్టు. నేను ఫోన్ బోర్లించి పెట్టి, అన్నం వడ్డించుకున్నా.

తలంబ్రాల పొట్లాలు ఇంకా దేవుడి గూట్లోనే ఉన్నాయి. రెండూ.