మెంతుల గిన్నె అడుగున

అమ్మ పోయాక పోపుల డబ్బా తోమబోతే, మెంతుల గిన్నె అడుగున దొరికింది 20 పైసల బిళ్ల. ఇత్తడి రంగు. 1969లో గాంధీజీ శతజయంతికి వేసినది, ఆయన ముఖంతో.

చిన్నప్పుడు శెట్టిగారి కొట్లో మా పథకం ఇది: నేను బెల్లం అడగాలి, ఆయన లోపలికి వెళ్లాలి, నా నేస్తం గల్లాపెట్టెలో చెయ్యి పెట్టాలి. అలాగే జరిగింది. తిరిగొచ్చిన శెట్టిగారు చిన్న ముక్క కొసరుగా నా అరచేతిలో పెట్టారు. కాసేపటికి నా వాటా బిళ్ల కూడా ఆ జిగట చేతిలోకే వచ్చింది. మర్నాడు కొట్లో పనికుర్రాడి చెంప కందిపోయి ఉంది. పొట్లాలు కడుతూ నాకేసి చూసి నవ్వాడు. పాపం, వాడికేమీ తెలియదు.

పదిహేనేళ్లప్పుడు అన్న దండకడియంలోంచి బంగారం ముక్క తీసిన గాంధీజీ, తప్పు ఒప్పుకుంటూ తండ్రికి చీటీ రాశారు. జబ్బుతో ఉన్న తండ్రి లేచి కూర్చుని చదివి, కన్నీళ్లు కార్చి, చించేశారు. ‘సత్యశోధన’లో అక్కడికి రాగానే ఇప్పటికీ ఆగిపోతాను. నా చీటీ ఎవరికి రాయాలి? శెట్టిగారు లేరు. ఆ కుర్రాడి పేరైనా నాకు గుర్తులేదు. చెంప మాత్రం గుర్తుంది.

ఖర్చుపెట్టలేక ఆ మెంతుల కింద దాచింది నేనే. అమ్మ ఈ డబ్బా ఎన్ని పండగలకు తోమిందో! తోమిన ప్రతిసారీ బిళ్లను మళ్లీ అక్కడే పెట్టిందన్నమాట. ఒక్కసారీ అడగలేదు.

గిన్నె ఆరింది. మెంతులు పోసే ముందు బిళ్లను అడుగున పెట్టాను.