గడి లేని మనుషులు

నిజం చెప్పొద్దూ, పేరు చూసి కొన్నాను. 1991లో ఓ ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే 'స్మాల్ ఈజ్ బ్యూటిఫుల్' కనిపించింది. మా ఆవిడ కాస్త పొట్టి. చూపిస్తే మురిసిపోతుందనుకున్నాను. తీరా ఇంటికెళ్ళాక, "అర్థశాస్త్రమా? బ్యాంకులో లెక్కలు చాలకనా!" అని పెదవి విరిచింది.

రాసినాయన ఇ.ఎఫ్. షూమాకర్. 1911లో జర్మనీలో బాన్ నగరంలో పుట్టి ఇంగ్లండులో స్థిరపడ్డాడు. యుద్ధకాలంలో శత్రుదేశంవాడని నిర్బంధించారు; పొలంలో కూలిపని కూడా చేశాడు. 1950 నుంచి ఇరవయ్యేళ్ళు అక్కడి నేషనల్ కోల్ బోర్డుకి ఆర్థిక సలహాదారు. బొగ్గు తవ్వించే సంస్థలో కూర్చునే, బొగ్గూ చమురూ మన ఆదాయం కాదు, తాతలిచ్చిన ఆస్తి, అమ్ముకు తింటూ లాభం అనుకుంటున్నాం అన్నాడు. చూశారా ధైర్యం!

1955లో సలహాదారుగా బర్మా వెళ్ళాడు. పాఠం చెప్పడానికి వెళ్ళినవాడు పాఠం నేర్చుకొచ్చాడు. గాంధీగారినీ, మన కుమారప్పగారినీ శ్రద్ధగా చదివాడు. పని అంటే సరుకు తయారుకావడం ఒక్కటే కాదు. మనిషి చేతిలోని నేర్పు పెరగాలి, నలుగురితో కలిసి చేసే గుణం అబ్బాలి అన్నాడు. 1973లో పుస్తకం అచ్చయిన ఏడే చమురు ధరలు భగ్గుమన్నాయి. ఇంకేం, లోకమంతా చదివింది. 1977లో అమెరికా అధ్యక్షుడు కార్టర్ వైట్‌హౌస్‌కి పిలిచి మాట్లాడాడు. ఆ ఏడే ఆయన పోయాడు. పేదవాడికి అందే పనిముట్ల కోసం 1966లో ఆయన పెట్టిన సంస్థ మాత్రం 'ప్రాక్టికల్ యాక్షన్' అనే పేరుతో నడుస్తోంది.

ఇదంతా హాయిగానే చదివాను. ఒక పేజీ దగ్గర మాత్రం ఆగిపోయాను. ఆనంద కుమారస్వామిగారి మాట ఒకటి చెబుతాడక్కడ: తివాచీ మగ్గం పనిముట్టు, మనిషి వేళ్ళకి సాయపడుతుంది, మరమగ్గం యంత్రం, మనిషి చేయాల్సిన పనినే అది లాక్కుంటుంది.

పుస్తకం మూసేశాను. 1978లో నేను చీరాల దగ్గర ఓ ఊళ్ళో ఉండేవాణ్ణి. ఓ నేతగాడు ఇంకో మగ్గానికి అప్పు కావాలని వచ్చాడు. "తమ్ముడు కూడా కూచుంటాడు సార్, మా ఆడోళ్ళు కండెలు చుడతారు," అన్నాడు. నేను నవ్వి, "ఇంకా గుంటమగ్గం ఏమిటయ్యా! మరమగ్గం పెట్టుకో," అని నచ్చజెప్పి, కాగితాలన్నీ నేనే పూర్తిచేశాను. ఫారంలో గజాలకి గడి ఉంది, వాయిదాలకి గడి ఉంది. తమ్ముడికి లేదు.

ఒక్క వాయిదా తప్పకుండా బాకీ తీరింది. నా ఫైల్లో అది గెలుపే. తమ్ముడు మాత్రం హైదరాబాదు వచ్చి వాచ్‌మన్ అయ్యాడు. ఎలా తెలుసంటారా? పుస్తకం కొనడానికి రెండేళ్ళ ముందు, నేను పనిమీద వెళ్ళిన ఓ మేడ గేటు దగ్గర అతనే నన్ను గుర్తుపట్టాడు. "బాగున్నారా సారూ! అన్నకి మీరే అప్పిప్పించారు," అని కుర్చీ తుడిచి వేశాడు. ఒక్క నిష్ఠూరం ఆడలేదు. అదేదో తిట్టినా బాగుండేది.

అలాగని చిన్నదంతా బంగారమని నేననను. పొద్దస్తమానం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూచున్న ఆ అన్నకి మరమగ్గం వల్ల నడుంనొప్పి తగ్గింది. షూమాకర్ కూడా, జనం చిన్నదాన్నే పూజిస్తుంటే తను పెద్దదాని తరఫున మాట్లాడేవాణ్ణన్నాడు. ఆయన అడగమన్నది ఒకటే: ఈ లెక్కలో మనుషులెక్కడ?

ఆ తర్వాత రిటైరయ్యేదాకా నా దగ్గరికొచ్చిన ప్రతి దరఖాస్తు అంచునా పెన్సిలుతో "ఎందరికి పని?" అని రాసేవాణ్ణి. రూల్సులో లేదు, పైవాళ్ళు అడగలేదు. కొన్ని అప్పులు ఆ ప్రశ్న వల్ల మారాయి, చాలా మారలేదు.

ఈ సంగతి మా ఆవిడతో గొప్పగానే చెప్పాను. పప్పులో రాళ్ళేరుతూ వింది. "ఆ తమ్ముడి పేరేమిటి?" అంది.

నాకు గుర్తులేదు. ఫారంలో దానికీ గడి లేదు మరి.