వీసా లేని విదేశయాత్ర

మా పెద్దపల్లికి తూర్పుదిక్కున రామగిరి దుర్గమున్నది. మేఘసందేశమందలి యక్షుఁడు శాపకాలము గడపిన కొండ యిదియే యని యిచ్చటి పెద్దలు చెప్పుదురు. నాగపురము చేరువనున్న రామటేకమే యని పండితులలో పలువురందురు. ఏది నిజమైనను, ఆ మేఘము బయలుదేఱి కైలాసప్రాంతమందలి యలకాపురిని చేరువఱకు ఏ గుమ్మముకడను నిలిచి చీటి చూపవలసిన పని లేకపోయెను. మనుష్యులకట్టి వెసులుబాటు లేదు. నేఁడు కైలాసదర్శనమునకు పోవలెనన్నచో పాస్‌పోర్టును, చీనావారి వీసాయు వలయును.

అయినను వీసా లేకయే చూచిరాఁదగిన దేశములు కొన్ని యున్నవి. మా వీథిలోని స్త్రీలు ప్రకటనలు చూచి, "టికెట్టు కొనుక్కొని పోవుడే గదా, వదినా!" యని మాతో ననుచుందురు. వారికొఱకును, వారివంటి సోదరీమణులకొఱకును మేము తెలిసికొన్న సంగతులనిందు వ్రాయుచున్నారము.

పాస్‌పోర్టు మన ప్రభుత్వము మనకిచ్చు గుర్తింపు పుస్తకము. వీసా పరదేశ ప్రభుత్వము ముందుగా నిచ్చు ననుమతి. వీసా యక్కఱలేదన్నచో ముందుగా నడుగవలసిన పని లేదని మాత్రమే యర్థము. ఆ దేశమున కాలుమోపినపుడు అడుగవలసినవారు అడిగియే తీఱుదురు. తలుపు తెఱచియున్నంతమాత్రమున గడప లేదనుకొనరాదు.

క్రిందటి వేసవి సెలవులలో మావారు, మా యత్తగారు, బిడ్డలిద్దఱు, మేము గలసి మలేషియా దేశమునకు పోయి ఆఱు రాత్రులుండి వచ్చితిమి. బడిపంతులుగారి జీతముతో విదేశయాత్ర యేమని కొందఱు నవ్విరి. రెండేండ్లు చీటీ కట్టి కూడఁబెట్టిన సొమ్మది. మలేషియావారు 2023 డిసెంబరు 1 నుండి భారతీయ యాత్రికులను వీసా లేకయే 30 దినముల వఱకు ఉండనిచ్చుచు, ఆ సదుపాయమును 2026 డిసెంబరు 31 వఱకు పొడిగించిరి.

మొదటిపని పాస్‌పోర్టు. మాకు కరీంనగరులోని పాస్‌పోర్టు సేవాకేంద్రము దగ్గఱ. అచ్చట తెలుగు స్త్రీలు ముఖ్యముగా చూచుకొనవలసినది ఇంటిపేరు. మనము ఇంటిపేరును పొడి యక్షరముగా వ్రాసికొని తృప్తి పడుదుము. పాస్‌పోర్టులో ఇంటిపేరునకొక గడి, స్వంత పేరునకొక గడి వేఱువేఱుగా నుండును. ఒక గడి ఖాళీగా విడిచినవారికి తరువాత చిక్కులు వచ్చును. పాస్‌పోర్టులో ఒక్క పేరు మాత్రమే యున్న యాత్రికులను అనుమతింపమని 2022 నవంబరులో దుబాయి, అబూధాబీలు గల సంయుక్త అరబ్బు రాజ్యమువారు ప్రకటించినప్పుడు మన దేశమువారెందఱో కలఁతపడిరి. తండ్రి పేరో వంశనామమో రెండవ పుటలో నున్న చాలునని వారు పిదప సడలించిరి. మా యత్తగారి ఆధారు కార్డులో ఇంటిపేరు పొడి యక్షరమే యుండెను. దానిని ముందు విప్పి వ్రాయించి, ఆ పిమ్మటనే దరఖాస్తు పెట్టితిమి. విమానపు టికెట్టు మీఁది పేరును పాస్‌పోర్టులోని పేరును అక్షరమక్షరము సరిపోవలెను.

రెండవది గడువు. మలేషియాలో ప్రవేశించునాఁటికి పాస్‌పోర్టునకు కనీసము ఆఱు నెలల గడువు మిగిలియుండవలెను. పెద్దల పాస్‌పోర్టు 10 సంవత్సరములు చెల్లును. చిన్నబిడ్డలది 5 సంవత్సరములే. కావున తల్లిదండ్రుల పుస్తకములు చూచి నిశ్చింతగా నుండక, బిడ్డల పుస్తకములను ప్రత్యేకముగా విప్పి చూడవలెను.

మూఁడవది రాకపత్రము. మలేషియా చేరుటకు మూఁడు దినములలోపల ఆ ప్రభుత్వమువారి డిజిటల్ అరైవల్ కార్డును ఫోనులోనే నింపవలెను. మా పెద్దమ్మాయి చదువుచుండఁగా మేము ఒక్కొక్క యక్షరమును పాస్‌పోర్టుతో సరిచూచితిమి. దీనికి రుసుము లేదు; రుసుము కోరెడివారు మధ్యవర్తులని తెలియవలెను. ఇఁక తిరుగు టికెట్టును, బస చేయు హోటలు రసీదును, ఖర్చులకు సొమ్మున్నట్లు నిదర్శనమును వెంటనుండవలెను. ఫోనులో నున్నవని యూరకుండక, మేము వీనినన్నిటిని కాగితములపై తీయించి యొక గుడ్డసంచిలో పెట్టితిమి. ఆ సంచి మా యత్తగారి యొడిలోనుండి కదలలేదు.

పెద్దపల్లినుండి కాజీపేట మీఁదుగా సికింద్రాబాదునకు రైలు, అచ్చటనుండి శంషాబాదు, శంషాబాదునుండి విమానము. నాలుగు గంటలకు పైగా ప్రయాణించి కౌలాలంపూరులో దిగితిమి. అచ్చటి గడియారము మనకన్న రెండున్నర గంటలు ముందు. ప్రవేశద్వారముకడ నొక యధికారిణి తలముసుఁగుతో కూర్చుండి, మా వ్రేలిముద్రలు తీసికొని, ఎన్ని దినములుందురు, ఎచ్చట బస, తిరుగు టికెట్టెక్కడ యని వరుసగా నడిగెను. మా యత్తగారు విసిగి, "గింత దూరమొచ్చినంక గీ అడుగుడేంది బిడ్డా!" యనిరి. "మనింటికి వచ్చిన చుట్టమును ఎన్నాళ్ళుంటరని నోటితో నడుగకున్నను మనసులో లెక్కపెట్టుకొనమా, అత్తమ్మా?" యంటిమి. ఆమె నవ్వి సంచి విప్పిరి. కాగితములు సిద్ధముగా నుండుటచే అయిదు నిమిషములలో పని ముగిసెను.

మా ప్రక్క వరుసలో మా ప్రాంతపు మాటతీరుగల కుఱ్ఱవాఁడొకఁడు నిలిచియుండెను. వాని వయస్సు ఇరువది దాటియుండదు. హోటలు పేరడుగఁగా చెప్పలేకపోయెను. ఎచ్చటికి పోవుదువని మావారు తెలుగున నడుగఁగా, "బయట ఒక మనిషి వచ్చి తీస్కపోతడట సార్" అనెను. ఆ మనిషి పేరు వానికి తెలియదు. వానిని ప్రక్కగదికి తోడ్కొనిపోయిరి. ఆ పిమ్మట మేము వానిని చూడలేదు. వాని చేతిలోని సంచిపై మన బట్టలకొట్టు పేరుండెను. ఆ సంచిలో బట్టలు సర్దిన తల్లి, కొడుకు విమానమెక్కెనని సంతోషించుచునే యుండును గదా యని మా కారోజు అన్నము సయింపలేదు.

మఱునాఁడు బతూ గుహలకు పోయితిమి. కుమారస్వామి బంగారు వన్నె విగ్రహము 140 అడుగుల యెత్తు; గుహకు 272 మెట్లు. మా యత్తగారు నడుమ మూఁడుచోట్ల కూర్చుండియైనను తుదివఱకు ఎక్కిరి. ఆ దేశమున మన తెలుగువారును తరతరములుగా నున్నారు. ఆంగ్లేయుల కాలమున రబ్బరుతోఁటలలో పనికై విశాఖపట్టణము మొదలగు కోస్తా మండలములనుండి పోయినవారి సంతతి. 1955లో వారు స్థాపించుకొన్న మలయా ఆంధ్రసంఘమే నేఁటి మలేషియా తెలుగు సంఘము. 1981లో రెండవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినది కౌలాలంపూరులోనే. నాఁడు తోఁటలకు పోయినవారు తిరిగివచ్చు దినమెఱుఁగక పోయిరి. మేము తిరుగు టికెట్టును చేతఁబట్టుకొని పోయితిమి. ఆ కాగితమెంత భాగ్యమో అచ్చట నిలిచినపుడు మాకు తోఁచెను.

పాస్‌పోర్టు లేనివారు నిరాశపడనక్కఱలేదు. నేపాళమునకు మనవారికి వీసా లేదు. విమానమున పోవుటకైనను ఎన్నికల సంఘమువారి ఓటరు కార్డు చాలును. సాధారణ వయస్కులకు ఆధారు కార్డు చాలదు. 65 ఏండ్లు దాటినవారికిని, 15 ఏండ్లలోపు బిడ్డలకును అది చెల్లును. 15 మొదలు 18 ఏండ్ల వఱకుగల పిల్లలకు వారి బడి ప్రధానోపాధ్యాయుఁడు నిర్ణీత పద్ధతిలో వ్రాసియిచ్చు గుర్తింపు పత్రము చెల్లునని యెఱిఁగి మావారు మీసము దువ్వుకొనిరి. భూటానమునకును ఓటరు కార్డుతో పోవచ్చును గాని, అచ్చట ప్రవేశపత్రము తీసికొని, భారతీయులు రాత్రికి 1200 రూపాయల రుసుము చెల్లింపవలెను.

ఇఁక మా ప్రాంతమునకు ముఖ్యమైన మాట. పాత కరీంనగరు మండలమున గల్ఫుదేశములకు కొడుకునో పెనిమిటినో పంపని యూరరుదు. కనుక వీసా లేదను మాట మాయిండ్లలో విహారముగా గాక, పనికి దగ్గఱిదారిగా వినఁబడును. యాత్రికుఁడుగా పోయినవాఁడు యాత్రికుఁడుగానే తిరిగి రావలెను. అచ్చట కూలికి కుదురుకొన్నను, గడువు మీఱి నిలిచినను అది నేరము. జరిమానా, నిర్బంధము, మఱల ప్రవేశము లేకుండుట దాని ఫలములు. అట్టివానికి జీతమెగవేసినను అడుగు దిక్కుండదు.

థాయిలాండువారు 2023 నవంబరులో మనవారికి వీసా తీసివేసి 30 దినములును, 2024 జూలైలో 60 దినములును ఇచ్చిరి. ఆ సులువునే వలగా చేసికొని, ఉద్యోగమని నమ్మించి, అచ్చటనుండి ఏఱు దాటించి బర్మాలోని మ్యావడీ ప్రాంతమున యువకులను నిర్బంధించి, వారిచే ఫోను మోసములు చేయించిన ముఠాల కథ లోకమెఱిఁగినదే. 2025 మార్చి 10, 11 తేదులలో మన వైమానికదళ విమానములు 549 మంది భారతీయులను థాయిలాండులోని మే సోట్ నుండి తీసికొనివచ్చెను. వారిలో తెలుగుతల్లుల బిడ్డలునుండిరి. ఇరాను దేశమువారు 2024 ఫిబ్రవరిలో మనవారికి 15 దినముల వీసారహిత ప్రవేశమిచ్చిరి. ఉద్యోగముల యాశ చూపి కొనిపోయి, అపహరించి, సొమ్ము గుంజిన దుర్మార్గులవలన 2025 నవంబరు 22 నుండి ఆ సదుపాయమే నిలిచిపోయెను. యాత్రలకు పోఁదలఁచినవారును దానిచే నష్టపడిరి.

కావున సోదరీమణులారా, టికెట్టు కొనకముందు ఆ దేశపు రాయబార కార్యాలయమువారి ప్రకటన చదువుఁడు; ఈ గడువులు ఏఁటేఁట మాఱుచుండును. మీ బిడ్డను పనికి పంపుదుమని యెవరైన వచ్చినచో మూఁడు మాటలడుగుఁడు. పనికై యిచ్చిన వీసా యేది? ఈ యేజెంటు మన ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ పట్టికలో నున్నాఁడా? దిగినచోట ఎదురువచ్చు మనిషి పేరేమి? మన రాష్ట్రప్రభుత్వము నడుపు టామ్‌కామ్ సంస్థలో విచారించుటయు మంచిది. "ముందు టూరిస్టుగా పోనీ, తరువాత చూతము" అనెడివానికి కుర్చీ వేయకుఁడు. ఇంటిలో పెట్టె సర్దునది మనమే. బట్టలకన్న ముందు కాగితములు చూచి సర్దుట మన పని.