ఉందా, లేదా

సోర్సు కోడుగా చేతికొచ్చిన ఒక ప్రోగ్రామును జహీరాబాదులోని ఏ లినక్సు కంప్యూటరు మీదనైనా నిర్మించబోతే, చాలాసార్లు కాన్ఫిగర్ అనే స్క్రిప్టు ముందుగా ఆ యంత్రాన్ని ప్రశ్నిస్తూ పోతుంది: యూనిస్టడ్.హెచ్ ఉందా, ఉంది, విండోస్.హెచ్ ఉందా, లేదు. ఇవి హెడర్ ఫైళ్లు, అంటే వ్యవస్థలోని ఫంక్షన్ల పేర్లనూ వాటిని పిలవవలసిన తీరునూ ప్రకటించే చిన్న ఫైళ్లు.

యూనిక్సు ఒక్కో కంపెనీ చేతిలో ఒక్కో రూపు దాల్చిన రోజుల్లో, ఏ యంత్రంలో ఏది దొరుకుతుందో ముందే చెప్పడం కష్టమై, ఇలాంటి స్క్రిప్టులను తయారుచేసే ఆటోకాన్ఫ్‌ను డేవిడ్ మెకంజీ 1991లో మొదలుపెట్టారు. ఆ స్క్రిప్టు యంత్రం పేరును బట్టి ఊహించదు, కాన్ఫ్‌టెస్ట్.సి అనే బుల్లి ప్రోగ్రాము రాసి, అందులో ఆ హెడర్‌ను చేర్చి, కంపైలరుకు అప్పగించి, అది నెగ్గితేనే ఆ హెడర్ ఉన్నట్టు ఫలితాల ఫైలు కాన్ఫిగ్.హెచ్‌లో నమోదయ్యేలా చూసి, రాసినదాన్ని తానే చెరిపేస్తుంది. విత్తే ముందు గుప్పెడు జొన్నగింజలను తడిగుడ్డలో మూటకట్టి మొలక చూసుకునే రైతుది కూడా ఈ వివేకమే.

ఒకటి ఉన్నదని తెలియడమంటే ఏమిటి? కంటికి కనిపించడమా, పనికి రావడమా? పాత ఆటోకాన్ఫ్ రెండింటినీ, అంటే ఫైలు దొరకడాన్నీ అది కంపైలవడాన్నీ, విడివిడిగా పరీక్షించేది. 2020లో వచ్చిన 2.70 వెర్షను నుంచి కంపైలవడం ఒక్కటే ప్రమాణమైంది, అదే సబబు కూడా. అయితే 1989 నాటి సి భాషా ప్రమాణంలోనే చేరిన స్టడ్‌లిబ్.హెచ్‌ను నేటికీ వెతికే స్క్రిప్టులున్నాయి. అది అలవాటే తప్ప అవసరం కాదు.

ఉండవలసిన హెడర్‌కు ‘లేదు’ అని జవాబు వస్తే కాన్ఫిగ్.లాగ్ అనే ఫైలు తెరిచి చూడాలి. కంపైలరు చెప్పిన కారణం అందులో ఉన్నదున్నట్టు ఉంటుంది.