మా ఇంటి కాగితాలు

పోయిన నెల తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, జగ్గయ్యపేట ఇల్లు బేరం కుదిరింది. నువ్వొచ్చి హక్కు విడుదల కాగితం మీద సంతకం పెడితే రిజిస్ట్రేషన్ అయిపోతుంది." సరేరా అన్నాను. అమ్మా నాన్నా పోయాక ఆ పెంకుటిల్లు తాళం వేసే ఉంది. దూలాలకు చెద పట్టింది. అమ్ముకోవడం తప్పేమీ కాదు.

కొనేవాళ్ళు పాత కాగితాలన్నీ అడిగారట. ఈసీ కంప్యూటర్లో 1983 నుంచే వస్తుంది, అంతకు ముందువి ఆఫీసులో వెతికించుకోవాలి. తమ్ముడు ఆ పని మీద తిరుగుతుంటే, నేను నాన్న ట్రంకుపెట్టె ముందేసుకుని కూర్చున్నాను.

అన్నిటికన్నా అడుగున తాతయ్య ఇల్లు కొన్న దస్తావేజు ఉంది. జార్జి రాజు బొమ్మున్న స్టాంపు కాగితం, "కృష్ణా జిల్లా నందిగామ తాలూకా" అని మొదలవుతుంది. ఇప్పుడు మాది ఎన్టీఆర్ జిల్లా. తూర్పు రాజబాట, దక్షిణం పక్కవారి గోడ, పడమర దొడ్డిదారి, ఉత్తరం ఉమ్మడి బావి, ఆ బావిలో సగం హక్కు. బావి ఎప్పుడో పూడ్చేశారు. హక్కు మాత్రం కాగితంలో అలాగే ఉంది.

తాతయ్యది హుజూర్‌నగర్ వైపు పల్లె. రజాకార్ల గొడవల్లో నైజాం ఊళ్ళ నుంచి ఎన్నో కుటుంబాలు సరిహద్దు దాటి జగ్గయ్యపేట, నందిగామల్లో తలదాచుకున్నాయి. మావాళ్ళూ అలాగే వచ్చారు. అటు చెల్లేది హాలీ సిక్కా, ఇటు కలదారు. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కలదారు రూపాయలు వచ్చేవి. తెచ్చుకున్న డబ్బు అలా తరిగిపోయి ఇంటికి చాలకపోతే, నాయనమ్మ కాసులపేరూ మురుగులూ తీసి ఇచ్చిందట. ఆవిడే నాకు చాలాసార్లు చెప్పింది. దస్తావేజంతా రెండుసార్లు చదివాను. కాసులపేరు ఊసే లేదు. కొన్నది తాతయ్య ఒక్కరే. "పుత్రపౌత్ర పారంపర్యముగా" అనుభవించవలసిందని రాసుంది.

ఈ ఊరి పేరు కూడా తండ్రి పేరే. పూర్వం దీన్ని బేతవోలు అనేవారు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు పేట కట్టించి తండ్రి జగ్గయ్య పేరు పెట్టారు. ఆయన తల్లి అచ్చమ్మ పేరున కృష్ణకు అవతల అచ్చంపేట కూడా కట్టించారు. రాజుగారికి తల్లి గుర్తొచ్చింది, మా దస్తావేజు రాసినాయనకి నాయనమ్మ గుర్తు రాలేదు.

దాని మీద ఇంకో కాగితం ఉంది. తాతయ్య పోయాక మా మేనత్త రాసిచ్చిన హక్కు విడుదల. పసుపు కుంకుమల కింద అయిదువందల రూపాయలు ముట్టాయనీ, ఇకమీదట ఆ ఇంట్లో తనకు ఏ హక్కూ లేదనీ ఉంది. కింద వంకర అక్షరాలతో అత్తయ్య సంతకం.

ఆడపిల్లలకు వాటా 2005లో వచ్చిందనుకుంటాం చాలామందిమి. అది ఉమ్మడి ఆస్తి సంగతి. మన రాష్ట్రంలో 1985లోనే పెళ్ళికాని కూతుళ్ళకు అందులో హక్కిచ్చారు. తండ్రి వీలునామా రాయకుండా పోతే, ఆయన స్వార్జితంలో కొడుకుతో సమానంగా కూతురికీ వాటా ఉందని 1956 చట్టమే చెప్పింది. అంటే ఆ సంతకం పెట్టేనాటికే అత్తయ్యకు నాన్నతో సమానమైన వాటా ఉంది.

మర్నాడు నందిగామ బస్సెక్కాను. అత్తయ్యకి ఎనభై దాటాయి. ఫోన్లో తీసిన ఫొటో చూపించి, "చదివే పెట్టావా అత్తయ్యా?" అన్నాను.

"చదవడమెక్కడ! పెద్దకర్మ అయిన మర్నాడు రాయించారు."

"వాటా ఉందని తెలుసా?"

"తెలుసమ్మా. మీ మావయ్య చెప్పాడు. అడిగితే మీ నాన్న ఇచ్చేవాడే. ఆ తర్వాత నన్ను ఆ గడపలోకి రమ్మనేవాళ్ళా? సంతకం పెట్టాను కాబట్టే సంక్రాంతి సంక్రాంతికీ పిలిచి చీర పెట్టాడు. పుట్టిల్లుంటే చాలనుకున్నా." కాసేపాగి, "అమ్మేస్తున్నారటగా?" అంది.

నాకు నోట మాట రాలేదు. తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను వెంటనే సరేరా అనడానికి కారణమూ అదే. వాడితో రాకపోకలు తెగిపోతాయని భయం. అత్తయ్య అయిదువందలు తీసుకుని కొనుక్కున్న పుట్టిల్లు, నా సంతకంతో ఆవిడకీ లేకుండా పోతుంది.

సాయంత్రం తమ్ముడికి చెప్పాను. "విడుదల కాగితం మీద పెట్టను. అమ్మేవాళ్ళలో ఒకదాన్నిగా నీ పక్కన నిలబడి సంతకం పెడతాను. వచ్చినదాన్ని మూడు భాగాలు చేద్దాం, ఒకటి అత్తయ్యకి."

"అత్తయ్యకి చట్టప్రకారం ఏమీ రాదక్కా."

"నాయనమ్మ కాసులపేరుకీ చట్టప్రకారం ఏమీ రాలేదురా."

వాడు ఇంకేమీ అనలేదు. అన్నం కూడా ముభావంగానే తిన్నాడు. తెల్లారి నేను ఊరికి బయల్దేరుతుంటే బస్టాండు దాకా దింపాడు గానీ, దారిలో ఒక్క మాటా లేదు. ఆ రెండు రోజులూ నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు.

మూడో రోజు పొద్దున్నే ఫోన్. "అక్కా, అత్తయ్య బ్యాంకు పాసుబుక్కు ఎక్కడుందో కనుక్కుని నంబరు పంపు. ఆవిడకి మాత్రం ముందే చెప్పకు, నేనే వెళ్ళి చెప్తాను" అన్నాడు.