ఒక్క రాత్రికేమి?

కంటి యద్దములకు మాఱుగా నల్లగ్రుడ్డుపై నుంచుకొను కాంటాక్టు లెన్సులను నేను పదియేండ్లు ధరించితిని. చెల్లెలి పెండ్లి ముహూర్తము రాత్రి 2 గంటలకు. అక్షతలు చల్లి, అలసి, లెన్సులు తీయకయే చాపపై నొరగితిని. ఒక్క రాత్రికేమి యనుకొంటిని. అట్లనుకొనుట నాకదియే మొదటిసారి కాదు లెండు.

ఉదయమున కుడికన్ను ఎఱ్ఱవాఱెను. లెన్సు తీసివేసితిని. జాగరణఫలమని యందఱు ననిరి; నేనును నమ్మితిని. మఱునాఁటికి వెలుతురు సహింపరాదయ్యెను. నల్లగ్రుడ్డుపై తెల్లని చుక్క కానవచ్చెను.

వైద్యురా లిట్లు చెప్పెను: నల్లగ్రుడ్డుపై నుండు స్వచ్ఛమైన పొరకు రక్తనాళములు లేవు. దానికి ప్రాణవాయువు ముఖ్యముగా గాలినుండియే, కన్నీటి ద్వారా, చేరును. ఱెప్ప మూసినంతనే యది తగ్గును. లెన్సుకూడ నడ్డుపడినచో ఆ పొర నీరసించి సూక్ష్మజీవులకు తావిచ్చును. అట్లు నిదురించువారికి కంట పుండుపడు నపాయము 6 మొదలు 8 రెట్లు అధికమఁట.

రాత్రింబవళ్లు గంటగంటకు మందుచుక్కలు వేయవలసి వచ్చెను. అత్తగారు గడియారము నెదుట నుంచుకొని మేల్కొని నన్ను లేపెడివారు. ఒక్క మాటయైన ననలేదు. కన్ను దక్కినది, మచ్చ మిగిలినది. ఇప్పటికిని దీపమునకు ఎదురుగా చూచినచో మంచు క్రమ్మినట్లుండును.

మొన్న మా యమ్మాయి, కళాశాలకు లెన్సులు పెట్టుకొని పోవుదునని యడిగినది. నేనింకను బదులు చెప్పలేదు.