పీపా చెక్కతో ఒక పెట్టె

మా గడప దాటి మందు సీసా లోపలికి వచ్చి ముప్పై అయిదేళ్ళు దాటింది. రాలేదు అనడం కన్నా రానివ్వలేదు అనడం సబబు. అటువంటి నేను విస్కీ ప్రియులకిచ్చే కానుకల గురించి రాయడానికి కూర్చున్నానంటే, మన సంఘంలో నన్నెరిగినవారు ముక్కున వేలేసుకుంటారని తెలుసు. చివరిదాకా చదివి, అప్పుడు తిట్టండి.

మాది హిందూపురం వైపు నుంచి బెంగుళూరు వచ్చి స్థిరపడిన వడ్రంగుల కుటుంబం. తాతది బండి చక్రాల పని. నాన్న తలుపులూ కిటికీలూ చేశాడు. నేను ఒక కర్మాగారంలో ప్యాటర్న్ షాపులో పనిచేసి రిటైరయ్యాను. ప్యాటర్న్ అంటే, పోత పోయబోయే ఇనుప భాగానికి ముందుగా చెక్కతో చేసే నమూనా. పోత ఇనుము చల్లారేటప్పుడు దాదాపు నూటికి ఒక వంతు కుంచించుకుపోతుంది కనుక, చెక్కను ఆ మేరకు పెద్దదిగా చెయ్యాలి. ఉద్యోగమంతా అలా లేని కొలతను ఊహించి చెక్కను చెక్కడంతోనే గడిచింది.

నాకొక తమ్ముడుండేవాడు. నాకంటే నాలుగేళ్ళు చిన్న, పనిలో నాకంటే పెద్ద. నేను మూలమట్టం పెట్టి చూసుకునేది వాడు కంటితో చూసి చెప్పేవాడు. ఏం లాభం? సారాయి పాలయ్యాడు. రంపం పోయింది, చిత్రిక పోయింది, చివరికి నాన్న ఇచ్చిన ఉలులు మాత్రం గోనెగుడ్డలో చుట్టి చంకన పెట్టుకుని తిరిగేవాడు. ఒకనాడు పొద్దున్నే, తాగకుండా వచ్చి, “అన్నా, ఈ ఉలులు పెట్టుకునేదానికి ఒక పెట్టె చేసియ్యి. వాన తగిలి తుప్పు పడుతున్నాయి” అన్నాడు.

“చేసిస్తే పెట్టెతో సహా అమ్ముకుంటావు” అన్నాను.

వాడేమీ అనలేదు. మా ఆవిడ ఇచ్చిన కాఫీ తాగి వెళ్ళిపోయాడు. 1989లో, ముప్పై ఆరేళ్ళకే పోయాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారన్న వార్తను అమ్మ నాచేత రెండుసార్లు చదివించుకుంది. మా కర్ణాటకలో సారాయి నిషేధం 2007లో గాని రాలేదు. అప్పటికి అమ్మ లేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. 2018లో మా అమ్మాయికి స్కాట్లండులోని అబర్డీన్‌లో ఆడపిల్ల పుట్టింది. అల్లుడిది సముద్రంలో చమురు బావి మీద ఉద్యోగం. రెండేసి వారాలు నీళ్ళ మీదే ఉంటాడు. నొప్పులు మొదలైన రాత్రి అతను అక్కడే చిక్కుకుపోయాడు. బయట మోకాలి లోతు మంచు. పక్కింటి పెద్దాయన, ఒంటరివాడు, పార తీసుకుని దారి చేసి, తన కారులో అమ్మాయిని ఆసుపత్రికి చేర్చి, తెల్లవారేదాకా బెంచీ మీద కూర్చున్నాడట. మేము వీసాలు తీసుకుని ఏప్రిల్లో వెళ్ళేసరికి పాపకు ఊలు టోపీ కూడా కొనిపెట్టి ఉన్నాడు.

ఆ పెద్దాయన డెబ్భై అయిదో పుట్టినరోజు వస్తోంది. “ఏమిచ్చినా వద్దంటాడు నాన్నా. ఆయనకు విస్కీ అంటే ఇష్టం. ఇక్కడ పాత విస్కీ పీపాల చెక్కతో వస్తువులు చేసి ఇచ్చుకుంటారు. నువ్వు నీ చేత్తో ఏదైనా చేసిస్తే కాదనడు” అంది అమ్మాయి.

“తాగేవాడికి నా చేత్తో కానుకా?” అన్నాను.

అమ్మాయి మాట్లాడలేదు. మా ఆవిడే, “ఆ రాత్రి ఆయన లేకపోతే?” అంది.

అల్లుడు సెలవు మీద వచ్చాక మమ్మల్ని స్పే నది ఒడ్డున క్రెయిగెలాకీ అనే ఊరికి తీసుకెళ్ళాడు. గంటన్నర దారి. అక్కడ 1947లో మొదలైన స్పేసైడ్ కూపరేజ్ అనే పీపాల కార్ఖానా ఉంది. బయట పీపాలను గోపురాల్లా పేర్చి ఉంచారు. ఏడాదికి లక్షకు పైబడి పీపాలు అక్కడ బాగవుతాయి. సందర్శకులు పైనుంచి నిలబడి పని చూడవచ్చు. మా ఆవిడ కారు దిగనంది. నేను మాత్రం, పని కదా, చూస్తే పాపమేముందని వెళ్ళాను.

వెళ్ళినవాణ్ణి గంటసేపు కదల్లేదు. ఒక్కో పీపాకు ముప్పై చిల్లర పలకలు. మేకు లేదు, జిగురు లేదు. పలకల అంచులు ఒకదానికొకటి ఒరుసుకుని కూర్చోవాలి, అంతే. రెండు చివర్ల మూతలు గాడిలో ఇమిడిపోతాయి. ఎక్కడైనా సందు కనబడితే ఎండిన జమ్ము రెల్లను కూరుతున్నారు. జమ్ము! మన చెరువుల్లో మొలిచేదే. పనివాళ్ళకు జీతం కాదు, పీపాకింత అని కూలి. అందుకని సుత్తి ఆగదు. పని నేర్చుకోవడానికి నాలుగేళ్ళు పడుతుందట. తాత చక్రానికి ఇనుప కట్టు వేసేటప్పుడు దాన్ని ఎర్రగా కాల్చి ఎక్కించి నీళ్ళు పోసేవాడు; చల్లారితే బిగుసుకునేది. వీళ్ళకు ఆ అవసరం లేదు. పీపా నడుము లావు గనుక, పట్టీని చివరనుంచి నడుముకేసి కొట్టేకొద్దీ అదే బిగుస్తుంది. అల్లుడికి ఇదంతా చెబుతుంటే అతను నవ్వి, “మామయ్యా, మీరిక్కడ ఉద్యోగంలో చేరిపోండి” అన్నాడు.

ఆ చెక్క కథ కూడా చెప్పాలి. ఎక్కువ భాగం అమెరికాలో పెరిగే తెల్ల ఓక్. దాని నాళాలలో సహజంగానే బిరడాల వంటి పొరలుంటాయి కాబట్టి నీళ్ళు కారవు. ఎర్ర ఓక్ పుల్ల అయితే ఒక చివర ఊదితే రెండో చివరనుంచి గాలి వస్తుంది, పీపాకు పనికిరాదు. అమెరికా వాళ్ళ బర్బన్ విస్కీని లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే పొయ్యాలని అక్కడి చట్టం. అంటే ఒకసారి వాడిన పీపా మళ్ళీ వాళ్ళ బర్బన్‌కు పనికిరాదు. అది ఓడెక్కి స్కాట్లండు వస్తుంది. స్కాచ్‌ను కనీసం 3 ఏళ్ళు ఓక్ పీపాలో ఉంచాలని ఇక్కడి చట్టం. లోపలి బొగ్గు గీకి, మళ్ళీ కాల్చి, మరమ్మతు చేసుకుంటూ యాభై అరవై ఏళ్ళు వాడతారు. ఆ తర్వాత విడగొడితే వచ్చేవే ఈ కానుకల పలకలు.

పీపాలో ఉన్నన్నాళ్ళూ కొంత సరుకు ఆవిరవుతుంది. దాన్ని వీళ్ళు ‘దేవదూతల వాటా’ అంటారు. స్కాట్లండులో అది ఏడాదికి సుమారు 2 శాతం. మేము బెంగుళూరు నుంచి వచ్చామనగానే అక్కడ మాకు విషయాలు చెబుతున్నతను, “అమృత్ ఊరివాళ్ళా!” అంటూ చెయ్యి పట్టుకుని ఊపేశాడు. 1948లో మా ఊళ్ళో మొదలైన ఆ కంపెనీ, 2004లో తన సింగిల్ మాల్ట్‌ను తీసుకెళ్ళి గ్లాస్గోలోనే విడుదల చేసిందట. మన వేడికి అక్కడ దేవదూతలు ఏటా పది పన్నెండు శాతం తాగేస్తారట. మైసూరు రోడ్డు మీద ఆ కంబీపుర పక్కనుంచి ఎన్నిసార్లు బస్సులో పోయానో! సముద్రాలు దాటి వచ్చి మా పక్కూరి సంగతి విన్నాను.

దారిలో ఒక కానుకల అంగడికి వెళ్ళాం. కొవ్వొత్తి స్తంభాలు, గడియారాలు, గ్లాసు కింద పెట్టే బిళ్ళలు, సీసా నిలబెట్టే పీటలు, పెన్నులు, చొక్కా బొత్తాలు కూడానూ. రెండు పిడుల ‘క్వెయిక్’ అనే గిన్నె ఉంది. స్నేహంగా ఇద్దరు ఒకే గిన్నెలో తాగే పాత ఆచారం తాలూకుది. ధరలు చూసి గుండె జారింది. వడ్రంగిగా నా అభిప్రాయం చెబుతాను: పలక వంపును అలాగే ఉంచి చేసినవి బాగున్నాయి. వంపంతా చిత్రిక పట్టేసి చదును చేశాక అది ఏ చెట్టుదైతేనేం? పెన్నుకు పీపా పేరు ఒక్కటే మిగిలింది. కొనేవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. అసలు పలక మీద ఇనుప పట్టీ కూర్చున్నచోట నీలినలుపు గీత ఉంటుంది. ఓక్ చెక్కలోని వగరు, ఇనుము కలిస్తే ఆ నలుపు వస్తుంది. కరక్కాయ రసం పట్టిన గుడ్డ మీద ఇనుప నీళ్ళు తగిలితే నల్లబడే సంగతి మన కాళహస్తి కలంకారీ వాళ్ళకు తెలిసిందే.

అల్లుడు ఎక్కడో విచారించి అయిదు పలకలు తెచ్చాడు. కారు షెడ్డులో వాటిని బల్ల మీద పెడితే ఒక్కటీ నిలవదు. పొడుగునా వంపు, అడ్డంగా వంపు, చివర్లు సన్నం, అంచులు ఏటవాలు. చదునన్నది ఎక్కడా లేదు. ఒక పక్క బొగ్గు. మొదటిరోజు నా ముఖం చూసి పాప ఏడ్చింది. చిత్రిక తిరగేసేసరికి వాసన! విస్కీ వాసన వస్తుందని ముక్కు బిగించుకుని ఉన్నాను. వెనిలా వాసన వచ్చింది. ఓక్‌ను కాలిస్తే ఆ పరిమళం పుడుతుందని తర్వాత తెలిసింది. షెడ్డు గడప దగ్గరే నిలబడిన మా ఆవిడ లోపలికొచ్చి ఒక చెక్కపేడు తీసి వాసన చూసి, “పాయసంలా ఉందే!” అంది.

షెడ్డు కిటికీలోంచి పెద్దాయన వాకిలి కనిపించేది. సాయంత్రం ఆరింటికి ఒక గ్లాసు తెచ్చుకుని కూర్చునేవాడు. నేను పని ఆపి చూసేవాణ్ణి, రెండోది ఎప్పుడు పోసుకుంటాడా అని. పదకొండు రోజులు చూశాను. పోసుకోలేదు. గ్లాసు కడిగి బోర్లించి లోపలికి పోయేవాడు. అలా ఆగగలిగినవాణ్ణి అంత దగ్గరగా చూడటం నాకదే మొదటిసారి.

గ్లాసులు పెట్టుకునే పళ్ళెం చెయ్యమంది అమ్మాయి. నావల్ల కాదన్నాను. పెట్టె చేశాను. పక్కలు చదును చేసి మూలలు డవ్‌టైల్ అతుకుతో కూర్చాను. మూతకు మాత్రం రెండు పలకల వంపు అలాగే ఉంచాను, నల్లగీతలతో సహా. లోపలి పొడవు 13 అంగుళాలు. టేపు పెట్టకుండానే గీత గీశాను. తర్వాత కొలిస్తే సరిగ్గా వచ్చింది.

పుట్టినరోజు నాడు పెద్దాయన మూత తెరిచి ముందు వాసన చూశాడు. నల్లగీత మీద బొటనవేలు పెట్టి, పట్టీ ఇక్కడుండేది కదూ అన్నాడు. తర్వాత లోపలికెళ్ళి ఒక సీసా తెచ్చి పెట్టెలో పడుకోబెట్టాడు. కొలత తీసుకుని చేసినట్టు, ఒక్క వేలెడు సందుతో ఇమిడిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అల్లుడు ఫొటో తీశాడు.

ఆ రాత్రి అమ్మాయి, “సీసా కొలత నీకెలా తెలుసు నాన్నా?” అని అడిగింది.

“అది సీసా కొలత కాదు, ఉలి కొలత” అన్నాను.

“ఎవరి ఉలి?”

దానికి వాళ్ళ చిన్నాన్న ముఖం గుర్తులేదు. ఆ పొద్దు జరిగింది చెప్పాను. దానికే కాదు, నేనన్న మాట మా ఆవిడకు కూడా అంతవరకు చెప్పలేదు. తను అప్పుడు వంటింట్లో ఉంది. విని చాలాసేపు పాపను జోకొడుతూ కూర్చుంది.

“ఆరోజు కాఫీలో ఇంకొంచెం చక్కెర వెయ్యి వదినా అన్నాడు” అంది.